క్రైస్తవశబ్దార్థ విచారము

పాండవుఁడు పాండురాజు కొడుకు. వైష్ణవుఁడు విష్ణువు కొడుకు కాఁడు. విష్ణువునందు భక్తి గలవాఁడు. ఐనను ఈ రెండు పదములును ఒక్క తీరుననే యేర్పడినవి. ఉకారాంతమైన ప్రాతిపదికమునకు అణ్‌ప్రత్యయము చేరఁగా మొదటి యచ్చునకు వృద్ధియు, తుది యుకారమునకు గుణమును, దానికి అవాదేశమును గలిగి పాండవ, వైష్ణవ, యాదవ, భార్గవ శబ్దములు సిద్ధించుచున్నవి. క్రీస్తు శబ్దమునుండి క్రైస్తవ శబ్దము వచ్చినదియు నీ త్రోవనే. అభిషిక్తుఁడని యర్థము గల గ్రీకుపదము తెలుఁగున 'క్రీస్తు' అని యుకారాంతమై నిలిచినందున, పాణినీయ ప్రక్రియకు లొంగి, పరదేశపు పేరని తోఁపనంత సహజముగా 'క్రైస్తవ' అను రూపము నొందినది. పరభాషాపదములను దెచ్చుకొను వా రందఱు నింత చక్కఁగాఁ దెచ్చుకొన్నచో నిఘంటుకర్తలకు శ్రమ తగ్గును.

కాని యీ రూపసిద్ధి యొక ప్రశ్నను వెంటఁ దెచ్చినది. అణ్‌ప్రత్యయము పెక్కర్థములలో వచ్చును. అపత్యార్థమున వచ్చినచో సంతతిని దెలుపును. అతఁడే దేవతగాఁ గలవాఁ డనియు, అతనియందు భక్తి గలవాఁ డనియుఁ జెప్పుటకును వచ్చును. అతనికిఁ జెందినది యను సామాన్యసంబంధార్థమునను వచ్చును. రూపమును మాత్రమే చూచి యర్థమును నిర్ణయింప వీలులేదు, ప్రయోగమును జూడవలెను. మఱి క్రైస్తవుఁ డనఁగాఁ గ్రైస్తవుల యింటఁ బుట్టినవాఁడా? క్రీస్తునందు భక్తి గలవాఁడా? క్రీస్తునకుఁ జెందినవాఁడా? ఇది వ్యాకరణముతోఁ దీరు ప్రశ్న కాదు. తెలుఁగుదేశమున నూటయేఁబది యేండ్లకుఁ బైగాఁ గళ్ళములలోను, గ్రామచావడులలోను, గచేరీలలోను దీనికి జవాబు చెప్పుకొనవలసి వచ్చిన కుటుంబములు వేలకొలఁది కలవు.

మూలభాషలోని ప్రయోగమును ముందుగాఁ జూడవలెను. క్రొత్త నిబంధనలో నీ పేరు మూఁడు చోటులనే కానవచ్చుచున్నది: అపొస్తలుల కార్యములలో రెండు తావుల, పేతురు మొదటి పత్రికలో నొక తావున. శిష్యులు మొదటిసారిగా నీ పేరఁ బిలువఁబడినది సిరియాదేశపు టంతియొకయ పట్టణమున. పిలువఁబడి రనియే గ్రంథము చెప్పుచున్నది గాని పిలుచుకొని రని చెప్పుట లేదు. తమలోఁ దాము వారు శిష్యులు, సోదరులు, పరిశుద్ధులు. ఒక్కొక్కచోట నీ మార్గమువారు. రెండవ తావున నీ పేరు అగ్రిప్ప రాజు నోట వచ్చినది. మూఁడవ తావున నీ పేరు కారణముగా బాధపడువానికి ధైర్యము చెప్పు సందర్భమున వచ్చినది. గ్రీకుపదముచివరి ప్రత్యయము లాటిను భాషనుండి వచ్చినది. ఒక నాయకుని పక్షమువారిని, ఒక ప్రభువు నింటివారినిఁ దెలుపుటకు దానిని వాడుదురు. సువార్తలలోని హేరోదీయు లను పేరును అట్టిదే. కావున మూలమున నీ పదము సంతతిని జెప్పదు. తదీయులను జెప్పును. తదీయారాధన మెఱిఁగిన తెలుఁగు పండితునకు నీ యర్థము క్రొత్త కాదు.

పై వారు పెట్టిన పేరగుటచే దానిని మోయుటయే తొలుత నొక పరీక్ష యయ్యెను. క్రీ.శ. 112 ప్రాంతమున బితునియ రాష్ట్రము నేలుచుండిన ప్లీనీ, త్రాయాను చక్రవర్తికి వ్రాసిన లేఖలో నొక ధర్మసందేహము నడిగెను: ఈ పేరే శిక్షార్హమా, లేక యీ పేరితోఁ గూడిన నేరములు శిక్షార్హములా? పట్టుబడినవారిని మూఁడుమాఱు లడిగి, మాఱనివారిని మరణమునకుఁ బంపెను; కాదన్నవారిచే విగ్రహముల యెదుట ధూపమును, ద్రాక్షారసమును అర్పింపించెను. ఆ లేఖలోనే మఱియొక ముచ్చట కలదు. తన చర్య మొదలైన పిదప గుడులకు జనము మరల వచ్చుచున్నా రనియు, కొనువారు లేకుండిన బలిమాంసము మరల నమ్ముడువోవుచున్న దనియు నతఁడు సంతసించెను. విశ్వాసము మనసులోని సంగతి యని యనుకొనువా రీ మాంసపు బేరమును గమనింపవలెను. ఒక యూరిలోఁ గొంద ఱొక పూజ మానినచో దాని నాశ్రయించిన యమ్మకము, కూలి, మర్యాద, వంతు అన్నియుఁ గదలును. పదునెనిమిది వందల యేండ్ల పిమ్మట నొంగోలు సీమలో జరిగినదియు నిట్టిదే.

ఆ కథకుఁ బోవుటకు ముందు 'సంఘము' అను పదమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. గ్రీకు 'ఎక్లేసియ' చాటింపుచేఁ బిలువఁబడి కూడిన పౌరసభ. దానికిఁ దెలుఁగున నిలిచిన 'సంఘము' ఈ నేలకుఁ బాఁతది. అమరావతి, నాగార్జునకొండ శాసనములలో నుపాసికలు, గృహపతులు సంఘమున కిచ్చిన దానములు చెక్కఁబడియున్నవి. ఐతే నా సంఘము ప్రధానముగా నిల్లువిడిచిన భిక్షువులది. క్రైస్తవసంఘము గృహస్థులది. భిక్షు వూరు విడిచిపోవును. వ్యవసాయకూలియు, చెప్పులు కుట్టువాఁడును ఊరిలోనే యుండి, నిన్నటి కాపునొద్దనే రేపును బని యడుగవలెను. వాని సభ్యత్వమునకు గోడ లేదు, విహారము లేదు.

నెల్లూరియందు 1840 నుండి పనిచేయుచుండిన యమెరికను బాప్తిస్టు మిషనునకుఁ జాల కాలము ఫలము స్వల్పము. ఒంగోలునకు 1866లో వచ్చిన జాన్ క్లౌ దొర కాలమున నీ స్థితి మాఱెను. ఆ మార్పునకు మూలపురుషుఁడు దొర కాఁడు, యెఱ్ఱగుంట్ల పేరయ్య. అతఁడు తాళ్ళకొండపాడు గ్రామమున మాదిగ కులమునఁ బుట్టి, తోళ్ళవర్తకము చేయుచు దూరగ్రామములకుఁ దిరిగినవాఁడు. అంతకుముందే గురువు నాశ్రయించి యోగమార్గము నభ్యసించి, తనవారిలో నుపదేష్టగాఁ బేరొందెను. వర్తకముమీఁద నుత్తరమునకుఁ బోయినపుడు క్రీస్తుబోధ విని, 1866లో భార్యతోఁ గూడ నొంగోలున బాప్తిస్మము పొందెను. గురుశిష్యసంబంధము నెఱిఁగిన వాని కొకనికిఁ జెందియుండుట యనఁగా నేమో వేఱుగ నేర్పవలసిన పని లేకపోయెను. ఒంగోలు సంఘము 1867 జనవరి 1వ తేదిని ఎనమండ్రతో నేర్పడినది.

పేరయ్యయుఁ దక్కిన యుపదేశకులును గ్రామములలోఁ జేరవచ్చినవారికి మొదటనే మూఁడు విధులు చెప్పుచుండిరి. ఆదివారమునఁ బని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసము తినరాదు. విగ్రహములను బూజింపరాదు. వినుట కివి యెంత చిన్నవి! త్రిత్వసిద్ధాంతము లేదు, రక్షణశాస్త్రము లేదు. కొందఱు వేదాంతు లిందలి సరళతను జూచి నవ్విరి. కాని యీ మూఁడింటిలో నేది పట్టుకొన్నను ఊరి కట్టుబాటు మొత్తము వెంట వచ్చును.

పశువు చచ్చినచో దాని నీడ్చుకొనిపోవుట మాదిగల పని. తోలును బదునుచేసి చెప్పులును, కపిలకు బానయును, ఎద్దులకు వారులును సమకూర్చుటయు వారిదే. ఇందులకుఁ గళ్ళమునొద్ద వారికి ధాన్యమున మేర కొలుతురు. చచ్చిన గొడ్డు మాంసము ఆ మేరతోఁ గలిసిన భుక్తి. కఱవునాఁట నదియే ప్రాణాధారము. దానిని వీడుట యనఁగా శుచి యశుచుల లెక్క మాత్రమే కాదు, పూట కూడు వదలుకొనుట. పై కులములవారు దేనిని జూపి మాదిగను అంటరానివాఁడనిరో దానినే అతఁడు మానుకొనఁగా వారు సంతసింపవలసినది. అట్లు జరుగలేదు. తినుట మానినవాఁడు రేపు ఈడ్చుటయు మానునేమో యను జంకు వారి మనసులఁ బుట్టినది.

మూఁడవ విధి యింతకన్నఁ గఠినము. గ్రామదేవత కొలుపునాఁడు డప్పు మాదిగది. డప్పు లేనిదే కొలుపు లేదు. కొలుపు జరుగనిచో అమ్మతల్లియుఁ గలరాయును ఊరిమీఁదఁ బడునని భయము. క్రైస్తవుఁడైన మాదిగ డప్పు కొట్ట ననఁగా నది యొక పూజలోఁ జేరకపోవుట గాఁ గనఁబడలేదు. ఊరంతకు ద్రోహముగాఁ గనఁబడెను. తన భక్తి తన దని యతఁ డనుకొనెను. వాని డప్పు తమ దని యూరు తలంచెను. ఇరువురి మాటలోను గొంత నిజము లేకపోలేదు. ఆదివారపు విధియు నట్లే. కోఁతకాలమున నేడు దినములలో నొకదినము కూలి రాకుండుట కాపునకు నష్టము; కూలివానికి నాఁటి గింజలు పోవుట. పెక్కు గ్రామములలో వీరికిఁ బని నిలిపివేసిరి, బావుల త్రోవలు మూసిరి, పాఁతబాకీల నెపమున నధికారులయెదుటఁ బెట్టిరి. ఈ బాధలకుఁ దాళలేక వెనుకకుఁ బోయినవారును గలరు. వారిని దూషించుట తీరికగా గ్రంథము చదువుకొనువారికి సులభము.

ఆ తొలినాళ్ళలోనే మఱియొక ప్రశ్న వచ్చెను. పై కులములవారు కొంద ఱొంగోలునఁ జేర నుద్యుక్తులై, మాదిగలను జేర్చుకొన్నచోఁ దాము రామని తెలిపిరి. క్లౌ దొరయు నతని భార్యయు వేర్వేఱు గదులలో గ్రంథమును దెఱవఁగా నిరువురకును కొరింథీయుల మొదటి పత్రిక మొదటి యధ్యాయములో లోకము నీచముగా నెంచినవారిని దేవుఁ డేర్పఱచుకొనెనను భాగమే కనఁబడె నని యా దొర తన చరిత్రలో వ్రాసికొనెను. యాదృచ్ఛిక మనువా రట్లే యనవచ్చును. ఫలితము మాత్ర మిది: వచ్చినవారికి జన్మనుబట్టి త్రోవ మూయకుండుట యా సంఘమునకు నియమ మయ్యెను.

పిదప 1876 మొదలు 1878 వఱకు దారుణమైన కఱవు వచ్చెను. క్లౌ దొర బకింగుహాము కాలువలో మూఁడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకుఁ బుచ్చుకొని, ఉపదేశకులను మేస్త్రీలుగా నిలిపి, వేలమందికిఁ గూలి యిప్పించెను. కూలి ముగిసిన సాయంకాలమున బోధ జరుగుచుండెను. బాప్తిస్మము నడిగినవారు వందలు గలరు. అతఁ డీయలేదు. కూటికొఱకు మతమని లోక మనకుండుటకును, అట్టివారు నిజముగాఁ జేరకుండుటకును, పదునైదు మాసము లొక్కరికైన బాప్తిస్మ మీయక నిలిపెను. కఱవు తగ్గి, ఇఁక నిచ్చుటకు ధనముగాని పనిగాని లేదని తెలిపిన పిమ్మటఁ గూడ జనులు మరలిపోలేదు. తమ కేమియు నక్కఱలేదనియు, కష్టపడి బ్రదుకువార మనుటకుఁ దమ చేతుల బొబ్బలే సాక్ష్యమనియు, రాఁబోవు పంటయుఁ బోయినచోఁ జచ్చెద మనియు, చచ్చినను గ్రైస్తవులుగాఁ జావఁగోరెద మనియు వారు పలికిరఁట. 1878 జూలై 3వ తేదిని వెల్లంపల్లికడ గుండ్లకమ్మ యేటిలో 2222 మందికి బాప్తిస్మ మిచ్చిరి. ఆ దినమునకు ముందు వెనుకల దినములతోఁ గూడ 3536 మంది. ఆఱుగురు తెలుఁగు బోధకులు, ఇద్దఱిద్దఱు వంతుల చొప్పున, ఏటిలో నిలిచి యీ పని చేసిరి. దొర యొక్కరికైన స్వయముగా నీయలేదు.

ఈ సంఖ్య లోకమునఁ బ్రసిద్ధ మైనది. నిజముగా గొప్పది ఆ పదునైదు మాసముల నిరాకరణము. ఆఁకటిలో నడిగినవానికిఁ గూడు పెట్టి, పేరు పెట్టకుండుట సామాన్యమైన నిగ్రహము కాదు. ఐనను సందేహము పూర్తిగాఁ దీరె నన వలనుపడదు. కుటుంబములకుఁ గుటుంబములు, పల్లెలకుఁ బల్లెలు పెద్దమనిషి మాటపైఁ గదలివచ్చినచోట నొక్కొక్కని హృదయమును దూఁచు త్రాసు దొరకదు. అపత్యార్థము భక్త్యర్థములోనికిఁ జొచ్చుట కిదియే సందు.

రెండవ తరమున నది స్పష్ట మయ్యెను. బాప్తిస్టులమతమున శిశువునకు బాప్తిస్మము లేదు. క్రైస్తవుని కొడుకైనను యుక్తవయస్సు వచ్చి తన నోటఁ దాను ఒప్పుకొన్న గాని సంఘమునఁ జేరఁడు. 1841లో మచిలీపట్టణమునఁ బని మొదలిడిన ఆంగ్లికను మిషనువారును, 1842లో గుంటూరునకు వచ్చిన హేయరు దొర స్థాపించిన లూథరను సంఘమువారును శిశువుల కిత్తురు. పెరిగిన పిదప వాఁడు విశ్వాసమును సభలో స్థిరపఱచుకొనవలెను. ఒకరు భక్తి ముందని, ఒకరు కుటుంబము ముందని మొదలిడినను, ఉభయులును దుద కా బాలుని నోటిమాటకొఱకే వేచియుందురు. జనాభాలెక్కల గుమాస్తా మాత్రము వేచియుండఁడు. తొట్టెలోని బిడ్డనుఁ గూడఁ గ్రైస్తవుఁ డని వ్రాసికొని పోవును. అందుచేతనే సంఘపు పుస్తకములోని సభ్యుల సంఖ్యయు లెక్కలలోని క్రైస్తవుల సంఖ్యయు నొక యూరనైనఁ గలియుట యరుదు.

ఇచట సభ్యశబ్దమును జూడవలెను. సభ్యుఁ డనఁగా సభకుఁ దగినవాఁడు. పుస్తకమునఁ బేరుండి, చందా యిచ్చి, మాట చెప్పు నధికారము గలవాఁడు. పౌలు కొరింథీయులకు వ్రాసినచోట వాడినది యీ భావము కాదు. అతఁడు చెప్పినది శరీరమును, దాని యవయవములను. తెలుఁగు బైబిలు నచట అవయవ మనియే యున్నది. రెంటికిఁ జాల భేదము కలదు. సభ్యుఁడు రాజీనామా యీయవచ్చును. అవయవము రాజీనామా యీయదు. సభ్యుఁడు సభ లేనపుడు గూడ మనుష్యుఁడే; అవయవము శరీరమునుండి వేఱైనచోఁ జేయి చేయి కాదు. తెలుఁగుసంఘములలో నీ రెండు పదములును బ్రక్కప్రక్కను నడచుచున్నవి. ఎన్నికలనాఁడు సభ్యులు, ప్రభురాత్రిభోజనమునాఁ డవయవములు అని యొకఁడు పరిహాసమాడినచో దోషము లేదు.

అవయవభావము పల్లెటూళ్ళలో నెట్లు నిలిచినదో తెలిసికొనుటకుఁ బిడికెఁడు బియ్యపు టాచారము చాలును. ఇల్లాలు పొయ్యిమీఁద నెసరు పెట్టునపుడెల్ల, కుండలోఁ బోయు బియ్యమునుండి యొక పిడికెఁడు తీసి వేఱొక కుండలో వేయును. ఆదివారమున నది గుడికి వచ్చును. దానినిఁ గూర్చి యమ్మఁగా వచ్చిన డబ్బు బోధకుని జీతమునకును, బీదలకును బోవును. రూకలు చూడని యింటినుండి గూడ నీ కానుక వచ్చును. దీని నొసఁగుటకు మగని యనుమతియు, కోశాధికారి పద్దును అక్కఱలేదు. దోర్నకల్ బిషప్పుగా 1912 నుండి 1945లో మరణించువఱకుఁ బనిచేసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఇట్టి దానధర్మమును సంఘజీవనమునకు మూలముగా బోధించెను. తమిళదేశమున జన్మించి తెలుఁగువారి నడుమ జీవితమును గడపిన యాతఁడు, క్రొత్తగా బాప్తిస్మము పొందినవాఁడు తన తలపైఁ దానే చేయి యుంచుకొని, సువార్తను జాటుట తన విధి యని యొప్పుకొను నాచారమును నెలకొల్పెను. చదువురాని కూలివానికిఁ గూడ నధికారముద్ర వేయు పద్ధతి యిది.

సంఘములోనే యపత్యార్థము తల యెత్తినచోటు లేవి? వానిని దాఁచుట పరిశోధకధర్మము గాదు. బాప్తిస్టుసంఘములలో మాదిగలును, లూథరను సంఘములలో మాలలును అధికు లగుటచే నొక్కొక్క మిషను పే రొక్కొక్క కులమునకు మాఱుపేరయ్యెను. పై కులములనుండి వచ్చినవారు వేఱు గుడులఁ గూడుటయు, పెండ్లిసంబంధములు కులమును దాఁటకుండుటయు నేఁటికిని గలదు. 1947 సెప్టెంబరు 27వ తేదిని ఆంగ్లికను, మెథడిస్టు, దక్షిణభారత ఐక్యసంఘములవారు కలిసి దక్షిణ ఇండియా సంఘము నేర్పఱిచిరి. నాలుగు వందల యేండ్లనాఁటి యూరోపు తగవులు మదరాసునఁ దీరినవి. పల్లెకును పల్లెకును నడుమనున్న తగవు తీర్మానములతోఁ దీరునది కాదు.

రాజశాసన మీ పదము నెట్లు చదివినదో చూచుట యుక్తము. 1850 సంవత్సరపు 21వ చట్టము, మతము మార్చినవానికిఁ బిత్రార్జితపు హక్కు పోదని నిర్ణయించెను. అనఁగా భక్తి మాఱినను సంతతి మాఱదు. సరిగా నూఱేండ్లకు, 1950లో రాష్ట్రపతి వెలువరించిన షెడ్యూల్డు కులముల యుత్తరువు దానికి విపరీతమైన త్రోవఁ బట్టినది. ఆ యుత్తరువున షెడ్యూల్డు కులపు గుర్తింపు హిందువులకుఁ బరిమిత మయ్యెను, 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరింపఁబడెను, క్రైస్తవులకు విస్తరింపఁబడలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో నిట్టివారిని వెనుకఁబడిన తరగతుల 'సి' వర్గమునఁ జేర్చియున్నారు. శాసనము దృష్టిలోఁ గ్రైస్తవుఁడు భక్త్యర్థమే. భక్తితోఁ బాటు కులము పోయినది. ఊరి దృష్టిలో నేమియుఁ బోలేదు. పల్లె యున్నచోటనే యున్నది, శ్మశానమును వేఱుగనే యున్నది. ఈ రెండు పఠనముల నడుమఁ జిక్కినవాఁడు సంఘపు పుస్తకమున నొక పేరును, బడిపత్రమున మఱియొక పేరును వ్రాయించుకొనుట గలదు. దానిని గపట మని త్రోసివేయుట తేలిక. పేరుకొఱకు మేరను వదలుకొన్న తాతను మనుమఁడు మఱవలేదు. మనుమని చదువునకు వలయు వేతనమును తాత యూహింపలేదు. నోటితో నొప్పుకొన్నదానిని వ్రాఁతలో దాఁచుటను సంఘము సమ్మతింపఁజాలదు. దాఁచనిచో వచ్చు నష్టమును సంఘము భరింపనుజాలదు. ఈ ముడి నేఁటికి విడలేదు.

పేర్లలో మాత్రము తెలుఁగు క్రైస్తవు లొక యుపాయము నెఱుఁగకయే కనుఁగొనిరి. బాప్తిస్మమునఁ గొందఱు పాఁతపేరే యుంచుకొనిరి. కొందఱు యోహాను, యాకోబు, మరియమ్మ లైరి. కొందఱు క్రీస్తుదాసు, యేసుదాసు, సువార్తమ్మ, కరుణమ్మ యని తెలుఁగుసంస్కృతపు పేర్లు పెట్టుకొనిరి. ఇంటిపేరును మాత్రము విడువలేదు. ఇంటిపేరు తండ్రితాతల యూరిని, సంతతిని జెప్పును. వెనుకనున్న పేరు భక్తినిఁ జెప్పును. దాస శబ్దము చేరినచోట మూఁడవ యర్థమును, అనఁగాఁ జెందియుండుటయు, వచ్చి చేరును. పేరయ్య బాప్తిస్మము పొందిన పిమ్మటఁ గూడ యెఱ్ఱగుంట్ల పేరయ్యగానే యుండెను. ఒంగోలు ప్రాంతపు వృత్తాంతములలో నతని పేరు నేఁటికి నట్లే వ్రాయుచున్నారు.